మొగిలయ్య కడుపులో పైపు

“ఏం జేస్తున్నవ్?”

మొగిలయ్య జవాబు చెప్పలేదు. చెప్పే వీలు లేదు. నోటి నిండా జొన్నరొట్టె ఉంది.

లక్ష్మీనర్సమ్మ వంటింటి గడపలోనే ఆగిపోయింది. తలంటుకొని వెంట్రుకలకు చుట్టుకున్న తువ్వాల ఊడి భుజం మీద పడినా చూసుకోలేదు. పొయ్యి గట్టు పక్కన, గోడకు ఆనుకొని, రాత్రి మిగిలిన రొట్టెను పళ్లెంలోని ఎల్లిపాయ కారంలో అద్దుకొని తింటున్నాడు ఆమె పెనిమిటి. ఒక చేతిలో రొట్టె. ఇంకో చేత్తో కుడి డొక్కను అదిమి పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట బిందువులు బిందువులుగా నిలబడి ఉంది.

“నిన్న డాక్టరమ్మ ఏం జెప్పింది? పొద్దున మంచినీళ్లు గూడ ముట్టొద్దన్నదా లేదా?”

మొగిలయ్య కష్టపడి మింగాడు.

“అన్నది.”

“మరి?”

“అందుకే తింటున్న.”

ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆయనే విడమరిచి చెప్పాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

“తిన్నోనికి మత్తియ్యరు. మత్తియ్యకుంటే నోట్లె గొట్టమెయ్యరు. ఇగ నన్ను యాడికి తీస్కపోతరో తీస్కపోన్రి.”

గొడవ చెవిన పడి కొడుకు జీవన్ పరుగెత్తుకొచ్చాడు. వెనకే కోడలు దీప, చేతిలో సగం సర్దిన సంచితో. దవాఖానాకు దుప్పటి, చెంబు, మామ లుంగీలు సర్దుతోంది పాపం, ఈ పళ్లెం చూసి సంచి కింద పెట్టేసింది.

“నాయినా! నువ్వు మనిషివేనా?” అన్నాడు జీవన్. అన్నాక తనే భయపడ్డాడు. తండ్రితో అట్లా మాట్లాడిన పిల్లాడు కాడు వాడు.

“మనిషినే. ఆకలైంది, తిన్న.”

“ఆకలి గాదు, జిద్దు!” లక్ష్మీనర్సమ్మ పళ్లెం లాగేసుకుంది. “పోయిన్యేడు కండ్లు పసుపు ముద్దలైతే నేనే గద నిన్ను భుజమ్మీద మోసినట్టు మోసి తీస్కపోయిన. పసరు తిత్తిలకెంచి రాయి జారి దారికి అడ్డం పడ్డదని, రాయి తీసి, దారి మూసుకపోకుంట గా ప్లాస్టిక్ పైపు పెట్టిన్రు. మూడు నెల్లకు రమ్మన్నరు తీసేటందుకు. పోయినవా?”

మొగిలయ్య గోడకేసి చూశాడు.

“పోయినొచ్చిన, తీసేసిన్రు, పీడ పోయిందని నువ్వే జెప్పితివి. నీ నోటితోని జెప్పితివి. గా దినం నాటుకోడి కోసిన నీకు! రెండు కాళ్లు నీకే ఏసిన. గా కోడి ఉసురు తగిలింది నీకు!”

“కోడి మంచిగుండె,” అన్నాడు మొగిలయ్య.

దీప మొహం పక్కకు తిప్పుకుంది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకే తెలియాలి.

ఇన్నాళ్లూ దాగిన ఆ అబద్ధం నిన్న ఉప్పల్‌లో తీసిన ఎక్స్‌రేలో బయటపడింది. తీసేశారన్న పైపు కడుపులోనే ఉంది. పెట్టిన చోట కూడా లేదు. కిందికి జారి పేగులోకి దిగి, దాని కొస పేగు గోడకు గుచ్చుకొని ఉంది. వారం నుంచి వస్తున్న చలిజ్వరం, ఆ డొక్కలో నొప్పి, దాని పనే. నోట్లోంచి గొట్టం వేసి లాగి చూస్తాం, రాకపోతే కోయాల్సి వస్తుంది అంది డాక్టరమ్మ. ఆ ‘కోయడం’ అన్న మాట దగ్గర్నుంచి మొగిలయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు తెలిసింది, మాట్లాడకుండా ఏం ఆలోచించాడో.

“ఎందుకు అబద్ధమాడినవ్?” లక్ష్మీనర్సమ్మ గొంతు తగ్గింది. గొంతు తగ్గినప్పుడే ఆ ఇంట్లో అందరికీ ఎక్కువ భయం. “గదొక్కటి జెప్పు నాకు.”

“మంచిగ నడుస్తుండె గద.”

“ఏంది?”

“పైపు. కండ్లు తెల్లగైనయ్, అన్నం సయించింది, డ్యూటీకి పోయిన. నడిచే లైను మీద స్పానర్ పెట్టొద్దు. నాచారంల చేరిన దినం నాకు నేర్పిన మొదటి మాట గది. నడిచే లైను విప్పితే, విప్పినోని మొహమే కాలుతది.”

నాచారంలోని మందుల ఫ్యాక్టరీలో ఆయన పైపుల ఫిట్టరు. ఆవిరి లైన్లు, నీళ్ల లైన్లు, పేరు చెబితేనే ముక్కు మండే ద్రావకాల లైన్లు, ఏది ఎక్కడ వంగుతుందో కళ్లు మూసుకొని చెబుతాడు. ఆ గర్వం ఆయనకు ఉంది. ఉండాలి కూడా. కానీ సొంత కడుపును కూడా ప్లాంటు కిందే జమకట్టుకున్నాడని ఇంట్లో ఎవరికి తెలుసు?

“మరి ఎప్పుడు విప్పుతరు మీ ప్లాంటుల?” అడిగింది ఆమె.

“షట్‌డౌన్ల. యాడాదికొకసారి అన్నీ బంద్ వెట్టి, గప్పుడు మారుస్తరు. నేను గూడ గట్లనే అనుకున్న. షట్‌డౌన్ వచ్చినప్పుడు పోయి తీయించుకుందమని...”

మాట సగంలో తెగింది. మొగిలయ్య నోరు తెరిచి ఉండగానే ముఖం బూడిద రంగుకు తిరిగింది. గోడకు ఆనిన వీపు జారి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని పక్కకు ఒరిగిపోయాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. పళ్ల మధ్య నుంచి టైరులోంచి గాలి పోతున్నట్టు ఒక శబ్దం వచ్చింది.

లక్ష్మీనర్సమ్మ ఆయన అంగీ పైకెత్తి కడుపు మీద చేయి పెట్టింది. పలక మీద పెట్టినట్టు గట్టిగా ఉంది.

“జీవన్, బండి!”

“బండి యాడిదమ్మా? సమ్మె గద!”

నిజమే. తెలంగాణ కోసం ఊరూవాడా పని మానిన రోజులవి. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. జీవన్ పోచారంలోని కంప్యూటర్ కంపెనీ ఉద్యోగులను చేరవేసే క్యాబు నడుపుతాడు గానీ, అద్దాలు పగులుతాయని ఓనరు దాన్ని షెడ్డులో పెట్టి తాళం వేసుకున్నాడు. మోటారు సైకిలు మీద ఈ మనిషి ఎట్లా కూర్చుంటాడు?

తల్లీ కొడుకూ ముఖాలు చూసుకుంటుండగానే దీప చెప్పులు లేకుండా వీధి దాటి ఎదురింటి గేటు తట్టింది.

ఎదురిల్లు విశ్వనాథం గారిది. తెనాలి వైపు నుంచి ఎప్పుడో ఉద్యోగానికి వచ్చి, పరిశోధనశాలలో పనిచేసి రిటైరై, ఉప్పల్‌లోనే ఇల్లు కట్టుకున్న మనిషి. నెల కిందటి దాకా మొగిలయ్యా ఆయనా ఒకే పేపరు పంచుకొని చదివేవారు. రాష్ట్రం ఇవ్వాలా వద్దా అని ఒకనాడు అరుగు మీద మాటా మాటా పెరిగింది. అప్పటి నుంచి పేపరు రెండు ఇళ్లలో పడుతోంది.

విశ్వనాథం గారు కారు తీసుకొచ్చి గుమ్మం ముందు ఆపారు. లోపలి చొక్కా మీదే వచ్చారు, పై చొక్కా తొడుక్కోవడం మరిచి.

జీవన్ ఎత్తబోతే మొగిలయ్య ద్వారబంధం పట్టుకున్నాడు.

“గా కారెక్క.”

“ఎక్కకండి. మేమే ఎక్కిస్తాం,” అన్నారు విశ్వనాథం గారు కాళ్ల వైపు పట్టుకుంటూ. “మీ రాష్ట్రం రేపో మాపో వస్తుందంటున్నారుగా మొగిలయ్య గారూ. చూడటానికి మీరుండొద్దూ?”

“చూస్త. చూసినంకనే పోత.”

“అయితే ద్వారబంధం వదలండి.”

వదిలాడు.

* * *

వెనక సీట్లో భర్త తల ఒళ్లో పెట్టుకొని కూర్చుంది లక్ష్మీనర్సమ్మ. దీప సంచి కారులో పెట్టి ఇంటి దగ్గరే ఆగింది. రింగు రోడ్డు దగ్గర జనం అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. రోడ్డు మధ్యలో ఇంత పెద్ద గిన్నెలో పులిహోర కలుపుతున్నారు. ఒకతను కారు బానెట్ మీద చేయి వేసి లోపలికి తొంగిచూశాడు.

“అరే, మొగిలన్న! ఏమైందే అన్నా?”

మొగిలయ్య పిడికిలి లేపబోయాడు. సగం లేచింది. “జై...” అన్నాడు. మిగిలిన సగం నొప్పి తినేసింది. ఆ మనిషి వెనక్కి తిరిగి అరిచాడు. పొయ్యి మీది గిన్నెను ఇద్దరు పక్కకు జరిపారు. కారు పోయేంత దారి వచ్చింది.

కారు నాచారం మలుపు దాటింది. ఫ్యాక్టరీ గొట్టాల వైపు మొగిలయ్య కళ్లు తిరిగాయి. లక్ష్మీనర్సమ్మ కళ్లూ అటే పోయాయి. పోయి, అక్కడే ఆగాయి.

“షట్‌డౌన్ల తీయించుకుందమనుకున్న అంటివి గద,” అంది మెల్లగా.

“ఊఁ.”

“షట్‌డౌన్లనే గద నీకు డబుల్ డ్యూటీ! గప్పుడే గద ఇంటికి గూడ రావు నువ్వు! ప్లాంటంత బందైతే, పనుండేది ఫిట్టరుకొక్కనికే గద!”

మొగిలయ్య కళ్లు మూసుకున్నాడు.

“గా దినం దవాఖానాకు పోతున్ననని యాడికి పోయినవ్?”

“...ప్లాంటుకు.”

“దేవుడా.”

“కొత్త పోరగాళ్లు, నర్సమ్మా. నీళ్ల లైనుకు ద్రావకం లైను కలుపుతరు. మనుషులు సస్తరు. నేనుండాలె గద.”

“మరి తీసేసిన్రని ఎందుకు జెప్పినవ్?”

“ఇంటికొచ్చేసరికి నువ్వు కోడి కోసి కూసున్నవ్. ఎట్ల జెప్పాలె?”

ముందు సీట్లో జీవన్ భుజాలు కదిలాయి. విశ్వనాథం గారు హారన్ అక్కర్లేని చోట హారన్ కొట్టారు. లక్ష్మీనర్సమ్మ మాత్రం తార్నాక వచ్చేదాకా చేత్తో ఆయన నుదుటి చెమట తుడుస్తూనే ఉంది. తుడిచిన ప్రతిసారీ కొంచెం గట్టిగా తుడిచింది.

* * *

తార్నాక దవాఖానాలో, నిన్న చూసిన డాక్టరమ్మ సత్యవేణి మొగిలయ్య కడుపు మీద చేయి వేసి తీసేసింది. రెండోసారి వేయలేదు.

“ఏమైనా తిన్నారా?”

“తిన్న,” అన్నాడు మొగిలయ్య, అంత నొప్పిలోనూ గెలిచినవాడిలాగా. “జొన్నరొట్టె. ఎల్లిపాయ కారం.”

“సరే. ఇక గొట్టంతో అయ్యే పని కాదు. పైపు కొస పేగును చీల్చేసింది. తిన్నదంతా ఆ చిల్లులోంచి కడుపులోకి కారుతోంది. ఇప్పుడే కోయాలి. తిన్నా కోయాల్సిందే. ముక్కులోంచి గొట్టం వేసి పొట్ట ఖాళీ చేసి తీసుకెళ్తాం.”

“గొట్టం తప్పించుకుంటనని తిన్నవ్,” అంది లక్ష్మీనర్సమ్మ. “కత్తిని తెచ్చుకున్నవ్.”

“నేను కోయించుకోను. ఇంటికి తీస్కపోన్రి.”

డాక్టరమ్మ ఆగింది. “మీరు స్పృహలో ఉన్నారు కాబట్టి మీరు వద్దంటే నేను చేయలేను. కానీ వినండి. ఇంటికి వెళ్తే, రేపటికి మీరు ఉండరు. ఇది బెదిరింపు కాదు.”

జీవన్ తండ్రి పాదాలు పట్టుకున్నాడు. “నాయినా, జర ఇనే...”

“నువ్వు జరుగు,” అని కొడుకును పక్కకు నెట్టింది లక్ష్మీనర్సమ్మ. ఆయన ముఖం మీదికి వంగింది.

“నిన్నొకటి అడుగుత. నీ ప్లాంటుల లైను పగిలి కారుతుంటె ఏం జేస్తవ్? నడుస్తుందని చూసుకుంట కూసుంటవా?”

మొగిలయ్య స్ట్రెచరు అంచు పట్టుకున్నాడు.

“జెప్పు. పైపును అడిగి విప్పుతవా? ఓ పైపమ్మా, నిన్ను విప్పాల్నా, నీకిష్టమేనా అని?”

ఆయన పెదవి ఒక పక్కకు వంగింది. నవ్వబోయాడు. నవ్వు కడుపుకు తగిలి విలవిల్లాడాడు. ఆ కుదుపు తగ్గేదాకా ఆగాడు.

“కొయ్యన్రి,” అన్నాడు. “కాని ఒక్క మాట.”

“ఏంది?”

“తీసుడే. పెట్టుడు లేదు. మల్ల నా కడుపుల ఇంకో పైపు పెట్టొద్దు.”

“అదేమిటండీ...” డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది.

“నా మాట ఇనున్రి మేడం. రాత్రిపూట పక్క మీద ఒరిగితే గది లోపట గుచ్చుతుండె. కొన్నాళ్ల సంది గుచ్చుతుండె, నేను ఎవ్వరికీ చెప్పలె. గప్పుడల్ల నాకు అనిపిస్తుండె, నేను మనిషినా, లైనునా అని. బతుకంత పైపులు భుజమ్మీద మోసిన. ఇగ కడుపుల గూడ మొయ్యాల్నా? వద్దు. ఉంటే నా ఒళ్లుతోని ఉంట. లేకుంటే లేదు.”

అది మొండితనమని కొట్టిపారేసేట్టు లేదు.

మొగిలయ్య కుడి చేయి చాపాడు. “మాటియ్యి, బిడ్డా.”

జీవన్ ఏడుస్తూ తండ్రి చేతిలో చేయి వేశాడు. “ఇచ్చిన నాయినా. పెట్టనియ్య.”

ఎడమ చేయి భార్య వైపు వచ్చింది. “నర్సమ్మా. నువ్వు గూడ.”

లక్ష్మీనర్సమ్మ వంగి ఆయన కాళ్ల మీది దుప్పటి సరిచేస్తోంది. ఒక కొస లాగింది. ఇంకో కొస లాగింది. కాలి వేళ్ల దగ్గర మడత పెట్టింది. దుప్పటికి అంత పని ఉండదని ఎవరికైనా తెలుసు.

ఈలోగా నర్సు కాగితం తెచ్చింది. మొగిలయ్య ఆ ఎడమ చేత్తోనే అట్ట పట్టుకొని, కుడి చేత్తో సంతకం పెట్టాడు. వార్డు బాయిలు స్ట్రెచరు తిప్పారు. తలుపు రెక్కలు తెరుచుకొని, ఊగి, ఆగిపోయాయి.

* * *

ఆపరేషన్ గది బయట వరండాలోకి విశ్వనాథం గారు టీ తెచ్చారు. తాగమన్నారు. లక్ష్మీనర్సమ్మ గ్లాసు పట్టుకొని కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది.

“మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు,” అన్నారాయన ఊరడింపుగా.

“రాజులతోని కాపురం జేసిన్రా సారూ ఎన్నడన్న? నేను జేసిన,” అంది.

తలుపు తెరుచుకొని డాక్టర్ సత్యవేణి బయటికొచ్చింది. మూతికి కట్టిన గుడ్డ కిందికి లాగి ఉంది. చేతులు దేనికీ తగలకుండా ముందుకు ఎత్తి పట్టుకుంది. లక్ష్మీనర్సమ్మ లేచేసరికి గ్లాసు ఒలికింది.

“ప్రాణంతో ఉన్నారు. పైపు తీసేశాం, పేగు చిల్లు కుట్టేశాం. కానీ పైన లివరు నుంచి పసరు దిగే దారి మళ్లీ రాళ్లతో పూడిపోయి ఉంది. రాళ్లు తీశాను. దారి బాగా వాచిపోయింది. పసరు బయటికి రావడానికి ఒక రబ్బరు పైపు పెట్టాలి.”

జీవన్ తల్లి వైపు చూశాడు.

“ఇది వేరే రకం. డొక్కలోంచి బయటికే వస్తుంది. సంచీ తగిలిస్తాం. కొన్ని వారాల తర్వాత వాపు తగ్గాక, ఇక్కడే, మళ్లీ కోయకుండా లాగేస్తాం. మరిచిపోవడానికి కూడా వీలుండదు, కంటికి కనబడుతూనే ఉంటుంది. పెట్టకపోతే పసరు కడుపులో కారి, ఇప్పుడు చేసిందంతా వృథా. ఆయన లోపల మత్తు ఇచ్చే ముందు కూడా నా చేయి పట్టుకొని అదే మాట అన్నారు. అందుకే వచ్చి అడుగుతున్నాను. ఎక్కువసేపు ఆగలేను.”

“వద్దు మేడం,” అన్నాడు జీవన్. “ఇంకేదన్న... మందులతోని... నేను నాయినకు మాటిచ్చిన. చేతిల చెయ్యేసి ఇచ్చిన.”

“మందులతో కాదు బాబూ.”

“కాగితం యాడుందమ్మా?” అంది లక్ష్మీనర్సమ్మ.

“అమ్మా! మాటిచ్చినం మనం!”

“మనం గాదు. మాటిచ్చింది నువ్వు.” ఆమె కొడుకు వైపు తిరిగింది. “నీ మాట నువ్వు తప్పలె, నువ్వు వద్దనే అన్నవ్. అందరిముంగట అన్నవ్. నేనియ్యలె. చెయ్యి చాపిండు, చూసిన. ఇయ్యలె. యాదికి తెచ్చుకో.”

జీవన్ తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. “అంటె గప్పుడే నువ్వు...”

“గప్పుడే.”

“డొక్కల గా పైపు చూసిండంటే నాయిన నీతోని జన్మల మాట్లాడడు.”

“మాట్లాడకపోతె మానె. కూసోని మాట్లాడకుంట ఉండనీ. పండుకోని మాట్లాడకుంట ఉంటె నేను తట్టుకోలేను బిడ్డా.”

నర్సు అట్ట మీద కాగితం పెట్టి సిరా పెట్టె మూత తీసింది. “ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా, తొందరగా.”

“ఏలిముద్రెందుకు? పేరొస్తది నాకు. నా పేరొక్కటే వస్తది. కాని పూర్తిగ వస్తది.”

కలం తీసుకొని గోడకు ఆనించి రాసింది. ‘ల’ దగ్గర మొదలై ఆ పొడవైన పేరు ఒక్కో అక్షరంగా, ఏ ఒత్తూ వదలకుండా సాగింది. డాక్టరమ్మ చేతులు ఎత్తి పట్టుకొని నిలబడే ఉంది, తొందరపెట్టలేదు. చివరి ‘మ్మ’ రాసి, కింద ఒక గీత గీసి, అట్ట చేతికిచ్చింది.

“పెట్టున్రి మేడం. గట్టిది పెట్టున్రి. లేసినంక ఎవరు పెట్టమన్నరని అడిగితె, నా పేరే జెప్పున్రి.”

తలుపు మూసుకుంది.

లక్ష్మీనర్సమ్మ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. జీవన్ కాసేపు ఆమె పక్కనే నిలబడ్డాడు. తర్వాత నడిచి, వరండా ఆ చివర కుర్చీలో, తల్లికి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఆమె పిలవలేదు.